స్పెయిన్ కంపెనీ మీద ఆరా

రెండు ఇంటర్వ్యూల్లో నన్ను పడగొట్టింది ఒకటే ప్రశ్న. "మా కంపెనీ గురించి మీకేం తెలుసు?"

మొదటిచోట "చాలా పెద్ద కంపెనీ సార్" అన్నాను. ఆయన ఇంకా ఏదో వస్తుందని నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. "చాలా మంచి కంపెనీ సార్" అని కలిపాను. అంతే. రెండోచోట ఆ తప్పు జరగకూడదని నాలుగు రోజులు కూర్చుని బట్టీ పట్టి, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఆ మేడమ్ ఓపిగ్గా అంతా విని, "చాలా బాగా చెప్పారు. కానీ అది మా పక్క కంపెనీ చరిత్ర" అంది.

టాబ్లెట్ నీళ్ళలో ఎంతసేపట్లో కరగాలో అడగండి, చెప్తాను. సిరప్ సీసా అడుగున మందు ఎందుకు పేరుకుంటుందో అడగండి, చెప్తాను. కంపెనీకి కూడా ఒక పుట్టుక, ఒక పెరుగుదల ఉంటాయని, అవి కూడా చదువుకుని వెళ్ళాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ దాకా వెళ్ళినవాళ్ళు లేరు. నాయిన ఏడో తరగతి, అమ్మ ఐదు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి ఎల్బీనగర్ వచ్చి ఇక్కడే కిరాయి పోర్షన్‌లో ఉండిపోయారు. నాయినకి ట్రాలీ ఆటో ఉంది. బాటసింగారం మార్కెట్ నుంచి బత్తాయిలు తెచ్చి దుకాణాలకు చేరవేస్తాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నేను బి.ఫార్మసీ పాసైన రోజు నుంచి మా గల్లీలో మాత్రం నేను డాక్టర్‌ని. కూరగాయలకు వెళ్తే చాలు, "డాక్టరమ్మా, మోకాలు గుంజుతుంది, ఏం గోలీ ఏసుకోవాలె?" అని ఎవరో ఒకరు ఆపుతారు. గల్లీకి డాక్టర్‌ని, కంపెనీలకు ఎవరినీ కాను. అదీ అప్పటి నా పరిస్థితి.

స్పెయిన్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గర్ల్స్ హాస్టల్ ఆఫీసులో ఉన్నాను. అక్కడ రిసెప్షన్లో కూర్చోవడానికి మనిషి కావాలన్నారు. హాస్టల్ మేడమ్ నా సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టేసి, "నీ ఫార్మసీ సంగతి సరే. పొద్దున టిఫిన్ ఏందని అరవై మంది పిల్లలు అడుగుతరు. కోపం రాకుండ చెప్పగలుగుతవా?" అని అడుగుతోంది. అప్పుడే ఫోన్ మోగింది. చూసి, ఉన్నచోటే ఒక గెంతు గెంతాను. మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"ఏమైంది? ఉప్మాకే గంత సంబురమా?"

విషయం చెప్పాను. ఆమె మంచిదే. ఒకటో తారీఖు దాకా ఆగుతానంది. ఆలోగా ఆ ఉద్యోగం వస్తే సరే, రాకపోతే ఒకటిన పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చోవాలి. సరేనన్నాను. అంటే ఒకవైపు క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్, ఇంకోవైపు ఉప్మా. మధ్యలో ఆ ఒక్క ప్రశ్న.

ఇంటికెళ్ళి చెప్తే నాయిన ముందు బెదిరిపోయాడు.

"స్పెయినా? గంత దూరమా?"

"కాదు నాయినా, తుర్కయంజాల్ దాటంగనే. సాగర్ రోడ్డు మీద."

"మరి స్పెయిన్ అంటివి?"

"కంపెనీ స్పెయిన్‌ది. పని తుర్కయంజాల్ల."

"ఓనరెవరు? ఎట్లాంటోళ్ళు?"

"నాయినా, నేను పోయేది కొలువుకు. పెండ్లికి కాదు."

"పెండ్లైతే పండుగకన్నా ఇంటికొస్తవ్. గీడ రోజు పొద్దంత వాళ్ళ దగ్గర్నే ఉంటవ్. వంశమేందో, ఖాన్‌దానేందో తెల్వకుండ ఎట్ల పంపుత?"

మా వాళ్ళలో ఇది తప్పనిసరి. మనిషిని ఒక ఇంటికి పంపే ముందు ఆ ఇంటి మీద ఆరా తీస్తారు. నేరుగా వాళ్ళింటికి వెళ్ళి అడిగితే ఎవరైనా మంచే చెప్పుకుంటారు కాబట్టి, ఆ ఊరి హోటల్లో చాయ్ తాగుతూ, కిరాణా దుకాణంలో అగ్గిపెట్టె కొంటూ, ఏమీ తెలియనట్టు అడుగుతారు. మా మేనత్త సంబంధం అప్పుడు నాయిన వాళ్ళ ఊరి బస్టాండు ముందు రెండు రోజులు బత్తాయిలు అమ్మాడట. సమాచారం తెచ్చాడు, బత్తాయిలు కూడా అమ్ముడుపోయాయి. ఆ విజయం ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

స్పెయిన్లో బస్టాండు ముందు నిలబడటం కుదరదు కాబట్టి నాయిన మేడ మీదికి వెళ్ళాడు. అక్కడుండేది మా ఓనర్ అంకుల్. తెనాలి వైపు మనిషి. ఉద్యోగ జీవితమంతా మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగి రిటైరయ్యాడు. డాక్టర్లు లోపలికి పిలిచేది రెండు నిమిషాలకే కాబట్టి, ఏదైనా రెండు నిమిషాల్లో చెప్పేయడం ఆయనకు అలవాటు. ఇప్పుడు ఎవరూ ఆపరు కాబట్టి, చెప్పిందే మళ్ళీ రెండేసి నిమిషాలు చెప్పడం కూడా అలవాటే.

"ఆ కంపెనీయా? నాకు తెలీకపోవడమేంటండీ!" అంటూ అంకుల్ కిందికి దిగొచ్చేశాడు. "వాళ్ళ అరుగుదల సిరప్పు కోఠీ నుంచి కోదాడ దాకా నేనే కదా అమ్మింది! సీసా మీద ఇక్కడి కంపెనీ లేబుల్ ఉండేది గానీ, లోపలున్నది వాళ్ళదే. ఏవమ్మాయ్, నువ్వేం కంగారుపడకు. నీకు నేను కోచింగ్ ఇస్తా."

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కోచింగ్ లేని విషయం లేదు. అయినా ఒక మందుల కంపెనీ వంశచరిత్రకు కోచింగ్ తీసుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. అంకుల్ అటక మీద నుంచి ఒక రేకు పెట్టె దింపించి, అందులోంచి పసుపుపచ్చగా మారిన పుస్తకం ఒకటి తీశాడు. అప్పట్లో రిప్రజెంటేటివ్‌లకు పంచింది. నా దగ్గర కంపెనీ వెబ్‌సైట్ ఉంది. రోజూ సాయంత్రం మా వరండాలో అంకుల్ కుర్చీలో, నేను నిలబడి, నాయిన బత్తాయి ఒలుస్తూ, అమ్మ కుట్టుమిషన్ మీద. నేను చెప్తూ ఉండాలి. ఎక్కడ తడబడితే అక్కడ అంకుల్ పుస్తకంతో తన మోకాలి మీద కొట్టుకునేవాడు.

కథ ఇలా మొదలయ్యేది. స్పెయిన్లో ఒక చిన్న ఊళ్ళో ఒకాయన మందుల దుకాణం పెట్టాడు. దుకాణం వెనక గదిలో సోంపు, అతిమధురం, చక్కెర వేసి అరుగుదలకు ఒక సిరప్ కాచేవాడు.

"అంటే సోంపు కషాయం" అంది అమ్మ, మిషన్ ఆపకుండానే. "నేను గూడ కాస్త. నన్నెవరు కంపెనీ అన్లే."

యుద్ధం వచ్చి చక్కెర దొరకని రోజుల్లో తేనె వేసి కాచాడు. సైకిల్ మీద చుట్టుపక్కల ఊళ్ళకు సీసాలు పంపాడు. తర్వాత పెద్ద కొడుకు చేతికొచ్చి టాబ్లెట్లు చేసే మిషన్ తెచ్చాడు. వెనక గది ల్యాబ్ అయింది, ల్యాబ్ ఫ్యాక్టరీ అయింది. ఇటు పోర్చుగల్, అటు ఇటలీ. తర్వాత వేరే కంపెనీల మందులు కూడా వీళ్ళే చేసిపెట్టడం. ఆ తర్వాత మందుల్లోకి వేసే అసలు సరుకు చేయడం. ఆ సరుకు కోసమే మన హైదరాబాద్‌కు రావడం.

పోర్చుగల్ దగ్గర, ఇటలీ దగ్గర అమ్మ మిషన్ గడగడా నడిచేది. ఎన్ని దేశాలు చెప్పినా ఆగేది కాదు. మూడో రోజు మాత్రం, అంకుల్ పుస్తకంలో ఉన్న ఒక వాక్యం నేను కొత్తగా కలిపేసరికి టక్కున ఆగింది. వ్యవస్థాపకుని రెండో కొడుకు ఇంటి వ్యాపారం వదిలి సొంతంగా అదే వీధిలో సిరప్ తయారీ మొదలుపెట్టాడు. అదీ వాక్యం.

"అదే వీధిలనా?" అంది అమ్మ.

"ఎదురుంగ" అన్నాను.

"దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద ఎదురెదురుగ డ్రెస్సుల దుకాండ్లు లేవా, గట్లనే" అన్నాడు నాయిన. "ఒకడు పిలుస్తుంటే ఇంకొకడు గుంజుకపోతడు."

అమ్మ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నేను వెబ్‌సైట్‌లోకి మారి, కొన్నేళ్ళ తర్వాత కంపెనీ మొదటిసారిగా ఒక పొరుగు ల్యాబొరేటరీని కొనుగోలు చేసింది అని చెప్పాను. మళ్ళీ మిషన్ ఆగింది.

"పొరుగున ఉన్నదెవరిది? తమ్మునిదే కద బిడ్డా?"

నేను అంకుల్ వంక చూశాను. అంకుల్ పుస్తకం వంక చూశాడు. పుస్తకంలో తమ్ముడు విడిపోయినట్టుంది గానీ కొన్నట్టు లేదు. వెబ్‌సైట్‌లో కొన్నట్టుంది గానీ తమ్ముడే లేడు. ఇన్నేళ్ళు ఆ సిరప్ అమ్మిన అంకుల్‌కి గానీ, నాలుగేళ్ళు ఫార్మసీ చదివిన నాకు గానీ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

"అబ్బో, మీ ఆవిడ మామూలు మనిషి కాదండీ!" అన్నాడు అంకుల్.

"అంటే తమ్ముని దుకాణం అన్ననే వేలంల పాడుకున్నడన్నట్టు" అన్నాడు నాయిన. "బాలాపూర్ లడ్డు లెక్క."

"పాడుకున్నడో, కొట్లాడి గుంజుకున్నడో. ఆఖరికి మాట్లాడుకున్నరా లేదా? అది సూడు జర." అమ్మ ఫోన్ నా చేతికి తోసింది.

చూశాను. ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి అమ్మకు నా ఇంటర్వ్యూ కంటే ఆ అన్నదమ్ముల గొడవే పెద్దదైపోయింది. టాబ్లెట్ మిషన్ గురించి చెప్తుంటే, "గా మిషన్ కొనబట్టే కొట్లాట అయ్యుంటది" అనేది. అంకుల్ మోకాలి మీద కొట్టుకుని, "అమ్మా, సిలబస్‌లో లేనిది అడక్కండి. దానికి మార్కులుండవు" అనేవాడు.

నాయిన ఆ వారం ఇంటికి ఆలస్యంగా వచ్చాడు, రెండుసార్లు. మొదటిసారి అన్నం తింటూ, "వాళ్ళ క్యాంటీన్ల పప్పు మంచిగుంటదట" అన్నాడు. నీకెట్ల తెలుసంటే, "అంటున్నరు" అన్నాడు. రెండోసారి, "గా తెల్లజుట్టు పెద్దాయన తాగడట. చాయ్‌ల చక్కెర గూడ ఏసుకోడట" అన్నాడు. ఎవరు నాయినా అంటే మళ్ళీ "అంటున్నరు." నేను టాబ్లెట్ గట్టిదనం చదువుకుంటూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఇంటర్వ్యూ రోజు నాయిన ట్రాలీ ఆటోలోనే బయల్దేరాం. ఇస్త్రీ చేసిన చుడీదార్, కొత్త ఫైలు, ఒంటి నిండా బత్తాయి వాసన. గేటుకు కాస్త దూరంలోనే ఆపమని బతిమాలాను. నాయిన వినకుండా గేటు ముందే ఆపాడు. వాచ్‌మన్ లేచి నిలబడి, ఉన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"ఏమన్నా, మల్ల వచ్చినవ్? బిడ్డ ఈమేనా?"

'మల్ల' అన్న మాట వినగానే నాయిన వైపు తిరిగాను. నాయిన సీటు కింద నుంచి ఏదో తీస్తున్నట్టు వంగి, లేవలేదు.

లోపల ముగ్గురున్నారు. హెచ్ఆర్ మేడమ్, ల్యాబ్ హెడ్ సార్, వాళ్ళ మధ్య తెల్లజుట్టు పెద్దాయన. స్పెయిన్ నుంచి ల్యాబ్ పెట్టించడానికి వచ్చాడట. చదువు ప్రశ్నలు ల్యాబ్ హెడ్ అడిగాడు. అన్నీ చెప్పాను, ఒకటి తప్ప. ఆ తర్వాత మేడమ్ ఆ ప్రశ్న అడిగింది. మా కంపెనీ గురించి మీకేం తెలుసు?

మొదలుపెట్టాను. మందుల దుకాణం, వెనక గది, సోంపు, తేనె, సైకిల్. ఈసారి కంపెనీ సరైనదే. కానీ చెప్తూ చెప్తూ గమనించాను. పెద్దాయన కిటికీలోంచి బయటి గడ్డి వంక చూస్తున్నాడు. నాకంటే ముందు లోపలికి వెళ్ళినవాళ్ళంతా ఇదే వెబ్‌సైట్ అప్పజెప్పి ఉంటారు. నేను ఇటలీ దాకా వచ్చేసరికి మేడమ్ చేయి పైకెత్తింది.

"చాలమ్మా, బాగుంది. ఇంకొకటి అడగాలి." ఆమె ఒక రిజిస్టర్ ముందుకు లాక్కుంది. "మొన్న బత్తాయిల ఆటోలో ఒకాయన వచ్చి మా వాచ్‌మన్‌ని, క్యాంటీన్ ఆమెని, ఆఖరికి డ్రైవర్‌ని కూడా పట్టుకుని అడిగాడట. ఓనర్లు ఎట్లాంటోళ్ళు, తాగుతరా, ఆడపిల్లల మీద అరుస్తరా, స్పెయిన్ల వీళ్ళకు మంచి పేరున్నదా అని. విజిటర్స్ రిజిస్టర్‌లో, వచ్చిన కారణం అన్నచోట 'ఆరా' అని రాసి ఉంది. తన బిడ్డ ఇక్కడ ఇంటర్వ్యూకి వస్తుందన్నాడట. మీకు తెలిసినవాళ్ళా?"

తెలియదు అంటే అయిపోతుంది. ఒక్క క్షణం నా కళ్ళ ముందు హాస్టల్ రిసెప్షన్ కుర్చీ, దాని పక్కన ఉప్మా గిన్నె కనబడ్డాయి. కానీ ఆ గదిలో నా నుంచి వస్తున్న బత్తాయి వాసన నాకే తెలుస్తోంది.

"మా నాయిన, మేడమ్."

ల్యాబ్ హెడ్ దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో చెప్పమని పెద్దాయన అడిగాడు. ల్యాబ్ హెడ్ ఇంగ్లీషులో వివరించాడు. మా వైపు ఆడపిల్లని ఒక ఇంటికి పంపే ముందు ఆ ఇంటి గురించి కనుక్కుంటారని, ఈ అమ్మాయి వాళ్ళ నాన్న మన గురించి కనుక్కోవడానికి వచ్చాడని. పెద్దాయన నవ్వలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని ఇంగ్లీషులోనే చాలా మర్యాదగా అడిగాడు.

"మరి మీ నాన్నగారికి తృప్తి కలిగిందా?"

"కలిగింది సార్. మీ క్యాంటీన్ పప్పు బాగుంటుందని, మీరు చాయ్‌లో చక్కెర వేసుకోరని తెలిసింది. ఇంట్లో ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. అది మా అమ్మది."

"అడగండి."

ఇక దాచి ఏం లాభం? అడిగేశాను. మీ పాత పుస్తకంలో తమ్ముడు విడిపోయి ఎదురుగా సిరప్ పెట్టాడని ఉంది. వెబ్‌సైట్‌లో తమ్ముడు లేడు, పొరుగు ల్యాబ్ కొన్నారని ఉంది. ఆ ల్యాబ్ తమ్ముడిదేనా? అయితే ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నారా?

మేడమ్ నా ఫైలు నెమ్మదిగా మూసింది. మూయడం చూసి, ఒకటో తారీఖు ఏ వారమో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

పెద్దాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పుట్టింది ఆ వీధిలోనే. ఆ తమ్ముడు పెట్టిన దుకాణంలోనే పెద్దాయన వాళ్ళమ్మ సీసాలకు మూతలు బిగించేది. అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. ఆదివారం చర్చిలో ఒకే బెంచీకి ఈ చివరొకడు, ఆ చివరొకడు, మధ్యలో వాళ్ళ తల్లి. ఏమైనా చెప్పుకోవాలంటే ఆమె చెవిలో చెప్పాలి. ఆమె ఇష్టమైతే రెండోవాడికి చేరవేసేది, లేకపోతే లేదు. ఆఖరికి తమ్ముడి ల్యాబ్ అన్న కొన్న రోజు, సంతకాలయ్యాక, అన్న తమ్ముడి సిరప్ సీసా తెప్పించి ఒక చెంచా తాగాడట. మొహం చిట్లించి, "నువ్వు చక్కెర ఎక్కువ వేస్తావు" అన్నాడట. తమ్ముడు, "నాన్న వేసినంతే వేశాను. నువ్వే తగ్గించావు" అన్నాడట. అన్నేళ్ళ తర్వాత అదే మొదటి మాట. అది మొదలు ఆ మధ్యాహ్నం భోజనం దాకా ఇద్దరూ ఆ చక్కెర మీదే కొట్లాడుకున్నారట, ఒకే బల్ల మీద తింటూ.

"ఇదంతా వెబ్‌సైట్‌లో లేదు" అన్నాడాయన. "రాసినవాళ్ళు మా వీధి వాళ్ళు కారు. సరే, మీకెలా దొరికింది?"

నేనే కనిపెట్టానని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే బాగుండేది కూడా. "పట్టుకుంది మా అమ్మ సార్. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. నేను చదివాను గానీ చూడలేదు."

ల్యాబ్ హెడ్ అప్పుడు నవ్వు ఆపాడు. "క్వాలిటీ కంట్రోల్ అంటే అదేనమ్మా" అన్నాడు తెలుగులో. "రెండు కాగితాలు ఒకటే మాట చెప్తున్నయా లేవా. మీ అమ్మ దగ్గర నేర్చుకుంటవా?"

"నేర్చుకుంట సార్."

గేటు బయట నాయిన, వాచ్‌మన్ ఒకే బెంచీ మీద కూర్చుని బత్తాయి తింటున్నారు. నన్ను చూడగానే నాయిన లేచాడు. తిడతానని భయం. నేను ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆటో తుర్కయంజాల్ దాటుతుండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఏమన్నరు బిడ్డా?"

"రెండు మూడు రోజుల్ల చెప్తరంట."

"అది కాదే. మాట్లాడుకున్నరంటనా?"

చక్కెర సంగతి చెప్పాను. ఇంజిన్ చప్పుడులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"చిన్నోడిదే న్యాయం" అంది అమ్మ, ఫోన్ పెట్టేసింది.

మూడో రోజు మెయిల్ వచ్చింది. సెలెక్టెడ్! ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అంకుల్‌కి చదివి వినిపించాను, గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనకు వినిపించాను, హాస్టల్ మేడమ్‌కి ఫోన్లో వినిపించాను. ఆమె మొత్తం విని, "మంచిది బిడ్డా. నీకు తెలిసినోళ్ళెవరన్న ఉన్నరా, కోపం రానోళ్ళు?" అంది. మెయిల్ కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను కూడా ఉంది. అభ్యర్థి నివాసం, నడవడిక విచారించిన తర్వాతే నియామకం ఖరారవుతుంది.

నాలుగు రోజుల తర్వాత భుజానికి బ్యాగు వేసుకుని ఒక మనిషి మా గల్లీ మొదట్లో కిరాణా దుకాణం దగ్గర ఆగాడు. అగ్గిపెట్టె కొంటూ, ఏమీ తెలియనట్టు, ఫలానా అమ్మాయి ఎట్లాంటిదని అడిగాడు. దుకాణం ఆమె, "ఎవరు, మా డాక్టరమ్మనా?" అంటూ తన మోకాలి నొప్పి సంగతి మొత్తం చెప్పింది. కూరగాయల బండి దగ్గర అడిగాడు. అక్కడ ఇంకో ఇద్దరి నొప్పులు రాసుకున్నాడు. చివరికి అంకుల్‌కి చిక్కాడు. అంకుల్ నా గురించి రెండు నిమిషాలు చెప్పి, ఆ తర్వాత అరుగుదల సిరప్ గురించి చాలాసేపు చెప్పాడు. ఆ మనిషి కిందికి దిగొచ్చేసరికి అలసిపోయి ఉన్నాడు. నాయిన కుర్చీ వేసి రెండు బత్తాయిలు ఒలిచి పెట్టాడు.

ఆయన తిని, కాగితం మీద టిక్కులు పెట్టుకుని, "ఏం ప్రాబ్లం లేదు సార్, ఒకటో తారీఖు జాయిన్ కావొచ్చు" అని వెళ్ళిపోయాడు.

నేను ఎగిరి గంతేసి అమ్మను పట్టుకున్నాను. అమ్మ నన్ను పట్టుకుంది. నాయిన మాత్రం గల్లీ చివర మలుపు తిరుగుతున్న ఆ బ్యాగు మనిషి వంకే మెచ్చుకోలుగా చూస్తూ నిలబడ్డాడు.

"జూసినవా? ఇంటికి రాకముందు దుకాణంల అడిగిండు" అన్నాడు. "నేను సెప్తనే ఉన్న. ఖాన్‌దాన్ ఉన్నోళ్ళు."